మిషనెరీల కుమారులు, నాబోతు ద్రాక్షతోట: హవాయి రాజ్యము అమెరికా వశమైన చరిత్ర

హవాయి ద్వీపముల చివరి రాణి లిలియుకలానీ, తన రాజ్యము పోయిన తరువాత 1898లో ఇంగ్లీషులో ఒక గ్రంథము ప్రచురించారు. దాని చివర ఆమె అమెరికా క్రైస్తవులకు విన్నవించుకుంటూ, నాబోతు ద్రాక్షతోటను ఆశించవద్దనీ, ఆశించిన యెడల అహాబుకు వచ్చిన శిక్ష వారి కాలములో కాకపోయినా వారి పిల్లల కాలములోనైనా రావచ్చుననీ హెచ్చరించారు. మొదటి రాజుల గ్రంథము 21వ అధ్యాయము మీద మనము ఎన్నో ప్రసంగములు విన్నాము, చేశాము. సింహాసనము పోగొట్టుకున్న ఒక రాణి ఆ అధ్యాయమును అమెరికా ముందు ఉంచిన సంగతి మాత్రము మనలో చాలామందికి తెలియదు. ఆమెకు ఆ కథ నేర్పినవారు అమెరికా మిషనెరీలే. ఆమె రాజ్యమును తీసుకొన్నవారిలో ముఖ్యులు ఆ మిషనెరీల కుమారులు, మనుమలు.

1810లో ఏర్పడిన అమెరికన్ బోర్డు హైరమ్ బింగ్‌హామ్, ఏసా థర్స్టన్ నాయకత్వములో మొదటి బృందమును 1819 అక్టోబరులో బోస్టన్ నుండి థాడియస్ అను ఓడలో పంపింది. వారు 1820లో చేరేసరికి కమెహమెహ రాజు మరణించి ఉన్నాడు; ఆయన కుమారుడు పాత కట్టుబాట్లను అప్పటికే రద్దు చేశాడు. తరువాత జరిగిన పని నిజముగా గొప్పది. హవాయి భాషకు లిపి ఏర్పరచారు, 1822లో ముద్రణ ప్రారంభించారు, 1839 నాటికి సంపూర్ణ బైబిలు ఆ భాషలో వచ్చింది. ఇది మనకు పరాయి కథ కాదు. అడోనీరామ్ జడ్సన్‌ను 1812లో మన దేశమునకు పంపినది ఈ బోర్డే. ఆయన బాప్టిస్టుగా మారుటవలన ఏర్పడిన అమెరికన్ బాప్టిస్టు మిషనే 1836లో తెలుగువారి మధ్యకు వచ్చింది. మేము సెమినరీలో చదువుకున్న రోజులలో హవాయి గురించి విన్నది బైబిలు అనువాదము వరకే; పాఠము అక్కడితో ఆగిపోయింది.

బోర్డు తన సేవకులకు ఇచ్చిన ఉపదేశములలో స్థానిక రాజకీయములలో తలదూర్చవద్దని స్పష్టముగా ఉంది. అయినా రాజులే సలహా అడిగారు. 1838లో విలియం రిచర్డ్స్, 1842లో డాక్టర్ గెరిట్ జడ్ మిషను విడిచి రాజు కొలువులో చేరారు. ఐరోపా రాజ్యములు మింగివేయకుండ ఈ చిన్న దేశమును కాపాడవలెననే వారి ఉద్దేశమును మేము శంకించము. కాని వారి సలహాలతో 1848లో జరిగిన భూవిభజన, 1850లో విదేశీయులకు భూమి కొనే హక్కు ఇచ్చిన చట్టము ఆ దేశపు స్వరూపమునే మార్చివేశాయి. సామాన్య ప్రజలకు దక్కినది మొత్తము భూమిలో నూటికి ఒక వంతు కూడ లేదు.

ఇక్కడ ఒక పేరు గుర్తుంచుకోవాలి: ఆమోస్ కుక్. రాజవంశపు పిల్లల కొరకు నడిచిన పాఠశాలలో ఆయన, ఆయన భార్య ఉపాధ్యాయులు. లిలియుకలానీ చిన్ననాట చదువుకున్నది అక్కడే. అదే కుక్ 1851లో శామ్యూల్ కాసిల్‌తో కలిసి పెట్టిన వ్యాపార సంస్థ తరువాతి కాలములో హవాయి చక్కెర వ్యాపారమును శాసించిన అయిదు సంస్థలలో ఒకటి అయింది. ఇంకొక సంస్థను స్థాపించినవారు అలెగ్జాండర్, బాల్డ్విన్ అను ఇద్దరు మిషనెరీ కుమారులు.

1875 ఒప్పందముతో హవాయి చక్కెర సుంకము లేకుండ అమెరికాకు వెళ్లసాగింది. 1887లో ఆయుధములు ధరించిన మనుష్యుల ఒత్తిడికి లొంగి కలాకౌవా రాజు ఒక క్రొత్త రాజ్యాంగముపై సంతకము చేశాడు. దానిని తుపాకీ మొన రాజ్యాంగము అని జనులు పిలుస్తారు. ఆస్తి లేని స్థానికులు ఎగువ సభకు ఓటు వేయలేకపోయారు, ఆసియావారికి అసలు ఓటే లేదు. ఆ పని వెనుక ముఖ్యుడు లారిన్ థర్స్టన్, మొదటి ఓడలో వచ్చిన ఏసా థర్స్టన్ మనుమడు. ఆ సంవత్సరమే పెర్ల్ హార్బరు మీద అమెరికా నౌకాదళమునకు ప్రత్యేక హక్కు లభించింది.

రాణి 1893 జనవరి 14న ప్రజల హక్కులను తిరిగి నిలిపే రాజ్యాంగమును తేబూనారు. పదముగ్గురి కమిటీ ఒకటి లేచింది. అమెరికా రాయబారి జాన్ స్టీవెన్స్ కోరగా 16న బోస్టన్ అను యుద్ధనౌక నుండి 162 మంది సైనికులు, నావికులు హోనలూలులో దిగారు. మరునాడు మిషనెరీ కుమారుడైన శాన్‌ఫోర్డ్ డోల్ తాత్కాలిక ప్రభుత్వ అధ్యక్షుడయ్యాడు. రక్తపాతము వద్దని రాణి లోబడ్డారు. లోబడినది తిరుగుబాటుదారులకు కాదనీ, అమెరికా బలమునకనీ వ్రాసి ఇచ్చారు. అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ విచారణ జరిపించి, తప్పు జరిగిందని ఆ డిసెంబరులో కాంగ్రెసుకు తెలియజేశాడు. రాజ్యము మాత్రము తిరిగి రాలేదు.

అంతా చక్కెర డబ్బు కొరకే జరిగిందని తేల్చివేయుట సులభము. అయితే పెద్ద చక్కెర వ్యాపారి క్లాస్ స్ప్రెకెల్స్ అమెరికాలో విలీనమును వ్యతిరేకించాడు. మమ్మును ఎక్కువగా కలవరపెట్టేది వేరొకటి: డోల్, థర్స్టన్ వంటివారు తాము చేసినది క్రైస్తవ సత్పరిపాలన అని నమ్మారు. మిషనెరీ కుమారుడైన పాస్టరు సెరెనో బిషప్ రాణి మీద మూఢాచారములు, మంత్రవిద్య అంటగట్టుతూ అమెరికా పత్రికలకు వ్రాశాడు. ఆ రాణి చిన్నప్పటి నుండి సంఘములో పెరిగినవారు. 1895లో ఆమె అనుయాయుల తిరుగుబాటు విఫలమైనప్పుడు ఆమెను ఇయోలానీ రాజభవనములోనే బంధించారు. ఆ గదిలో ఆమె వ్రాసిన ప్రార్థనాగీతము తనకు కీడు చేసినవారిని క్షమించుమని దేవుని అడుగుతుంది. మరుసటి ఏడు ఆమె ఆంగ్లికన్ సంఘములో చేరారు. తనను పెంచిన సంఘమును ఆమె విడువవలసి వచ్చిన పరిస్థితి ఏమిటో మనము ఆలోచించాలి.

1897లో విలీనమునకు వ్యతిరేకముగా ఒక్క దేశభక్త సంఘమే 21,000కు పైగా సంతకములు సేకరించి వాషింగ్టన్‌కు పంపింది. స్థానికుల జనసంఖ్య సుమారు 40,000 ఉన్న కాలమది. సెనేటులో ఒప్పందము నెగ్గలేదు. అయితే 1898 మే 1న మనీలా అఖాతములో అమెరికా స్పెయిను నౌకలను ధ్వంసము చేసింది. ఫిలిప్పీన్సు దారిలో నౌకలకు మజిలీ కావలసి వచ్చింది. మూడింట రెండు వంతుల ఓట్లు అవసరమైన ఒప్పందమును ప్రక్కనపెట్టి, మామూలు మెజారిటీ చాలిన ఉమ్మడి తీర్మానముతో జూలై 7న హవాయిని కలుపుకొన్నారు. రాజ్యపు భూములు దాదాపు 18 లక్షల ఎకరములు అమెరికా పరమయ్యాయి. అదే డిసెంబరులో గువామ్, ఫిలిప్పీన్సు కూడ దాని చేతికి వచ్చాయి.

ఆ మిషనెరీల సంఘమునకు నేటి వారసురాలైన యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్, సరిగ్గా నూరేండ్లకు, 1993 జనవరిలో హోనలూలులో స్థానిక ప్రజలను బహిరంగముగా క్షమాపణ కోరింది. తరువాత కొంత పరిహారము కూడ చెల్లించింది. ఆ నవంబరులో అమెరికా కాంగ్రెసు తీర్మానము ద్వారా క్షమాపణ చెప్పింది. భూముల విషయము కోర్టుకు వెళ్లినప్పుడు, ఆ క్షమాపణ వలన ఎవరికీ క్రొత్త హక్కు ఏదీ సంక్రమించదని 2009లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.