లెఫ్ట్ అవుట్‌లో బలరాం: గోల్స్ లెక్కకు అందని ఒక ఫుట్‌బాల్ జీవితం

భారత ఫుట్‌బాల్ గురించి రాసేవాళ్లు పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్ బలరాం అనే మూడు పేర్లను ఒకే గుక్కలో చెబుతారు. ఆ తర్వాత మొదటి ఇద్దరి గురించి పేజీలు నడుస్తాయి, మూడో పేరు వాక్యం చివర ఆగిపోతుంది. చునీకి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. ఆ బాధను ఆయన దాచుకోనూ లేదు. పదవులు, పలుకుబడి, కలకత్తాలో పుట్టుపూర్వోత్తరాలు అంటూ ఈ తేడాకు చాలామంది కారణాలు చెబుతారు. వాటిని నేను కాదనను. అయితే వాటికి ముందు ఇంకొక కారణం ఉందని ఈ వ్యాసం వాదన. దేశం తరఫున బలరాం తన ఉత్తమమైన ఆటను మైదానం ఎడమ అంచున, లెఫ్ట్ అవుట్‌గా ఆడారు. ఆ చోట చేసిన పనిని గోల్స్ లెక్క పట్టుకోలేదు. మన దగ్గర ఆ కాలపు ఫుట్‌బాల్‌కు మిగిలిన లెక్క దాదాపుగా అదొక్కటే.

బలరాం 1936లో సికింద్రాబాద్ కంటోన్మెంటును ఆనుకుని ఉన్న అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టారు. ఆయన ఆటను అర్థం చేసుకోవడానికి ఊరి పేరు కంటే కంటోన్మెంటు అన్న మాటే ఎక్కువ ఉపయోగపడుతుంది. మన దేశంలో ఫుట్‌బాల్ పల్టన్ల వెంట, రైల్వే వర్క్‌షాపుల వెంట, ఓడరేవుల వెంట నడిచింది. సిపాయిలకు మైదానం, బూట్లు, సాయంత్రపు తీరిక ఉండేవి. పక్క వాడల పిల్లలు గట్టున నిలబడి చూసి నేర్చుకునేవారు.

పల్నాడు నుంచి చూస్తే ఈ సంగతి ఇంకా తేటగా కనబడుతుంది. నరసరావుపేట, గురజాల, మాచర్లలలో పందెం పౌరుషానికి లోటు ఎప్పుడూ లేదు. కోడిపందెంతో మొదలై యుద్ధంతో ముగిసిన కథే ఈ సీమకు వీరగాథ. బండలాగుడు, కబడ్డీ, వాలీబాల్ ఇక్కడి ఊళ్లలో ఇప్పటికీ జనాన్ని కట్టిపడేస్తాయి. ఫుట్‌బాల్ మాత్రం రాలేదు. గుంటూరు నుంచి మాచర్లకు మీటర్‌గేజ్ రైలు వచ్చింది కానీ దాని వెంట వర్క్‌షాపు రాలేదు, పల్టనూ రాలేదు. బలరాం ఆటగాడిగా పేరు తెచ్చుకుంటున్న 1955లోనే, డిసెంబరు 10న, మాచర్లకు ఎగువన నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. వేలమంది కూలీలు చేరిన ఆ చోట కూడా ఫుట్‌బాల్ వేళ్లూనలేదు. కాబట్టి తెలుగునాట ఫుట్‌బాల్ చరిత్ర అంటే చాలావరకు జంటనగరాల చరిత్రే అని ముందే ఒప్పుకోవాలి. పల్నాడు పాఠకుడికి బలరాం పరాయివాడిలా అనిపిస్తే ఆశ్చర్యం లేదు. 1956 నవంబరు 1న రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమయ్యాయి. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆ జట్టుకు శిక్షకుడు హైదరాబాదు మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. ఇరవై ఏళ్ల బలరాం ఆ జట్టులో సభ్యుడు.

రహీం గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. పిల్లల కోసం ఆయన పెట్టిన పోటీల నిబంధనలు వింటే ఇప్పటి శిక్షకులు కూడా నోరెళ్లబెడతారు. ఒక టోర్నమెంటులో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి వచ్చీరాగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. ఇంకొక దాంట్లో బలహీనమైన కాలితోనే కొట్టాలి. మైదానం అంచున ఆడేవాడికి ఈ రెండు విద్యలూ ప్రాణంతో సమానం. గీత పక్కన ఇరుకులో బంతిని తన దగ్గర పెట్టుకుని విన్యాసాలకు దిగేవాడు ఇద్దరు డిఫెండర్లకు చిక్కుతాడు. ఒక్క తాకుడుతో లోపలికి ఇచ్చి, ఖాళీలోకి పరుగెత్తేవాడు చిక్కడు. హైదరాబాదు ఫార్వర్డ్‌లను కలకత్తా క్లబ్బులు ఎగబడి తీసుకెళ్లడానికి కారణం ఈ పెంపకమే.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా భారత్‌ను 10–1తో చిత్తు చేసింది. అప్పటికి మన ఆటగాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతోనే ఆడేవారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్ సెమీఫైనల్లో అదే యుగోస్లావియా చేతిలో మనం ఓడింది 1–4తో. కాంస్యం కోసం బల్గేరియాతో ఆడి 0–3తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. ఈ రెండు స్కోర్ల మధ్య ఉన్నది రహీం పని. బలరాం బూట్లు వేసుకుని, పద్ధతి నేర్చుకుని వచ్చిన తొలి తరం మనిషి.

1956, 1957లలో సంతోష్ ట్రోఫీ వరసగా రెండుసార్లు హైదరాబాదుకు వచ్చింది. 1957లోనే బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. ఆ క్లబ్బు 1920లో పుట్టింది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి ఇళ్లూవాకిళ్లూ వదిలి వచ్చిన కాందిశీకులకు దాని ఎరుపు–పసుపు జెర్సీ ఒక ఆనవాలు అయింది. విచిత్రమేమిటంటే ఆ కాందిశీకుల పౌరుషాన్ని మైదానంలో మోసినవాళ్లలో చాలామంది దక్షిణాదివాళ్లు. 1949 తర్వాత అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, వెంకటేశ్, సాలే అనే ఐదుగురు ఫార్వర్డ్‌లను అక్కడి జనం పంచపాండవులని పిలుచుకున్నారు. వాళ్లు తొక్కిన దారిలోనే బలరాం నడిచారు.

1952 తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు కలకత్తా లీగు దక్కలేదు. తొమ్మిదేళ్ల ఎదురుచూపు 1961లో బలరాం కెప్టెన్సీలో తీరింది. ఆ సీజన్‌లో 23 గోల్స్‌తో లీగులో అందరికంటే ముందు నిలిచిందీ ఆయనే. అదే ఏడాది ఐఎఫ్ఏ షీల్డును మోహన్ బగాన్‌తో కలిసి పంచుకున్నారు. నా వాదనకు ఈ ఏడాది కీలకం. లీగులో 23 గోల్స్ కొట్టినవాడు గోల్ కొట్టడం చేతకాక అంచుకు పోలేదు. క్లబ్బులో ఆయన లోపలి ఫార్వర్డ్. దేశం జట్టులో ఇన్‌సైడ్ లెఫ్ట్ స్థానం చునీ గోస్వామిది. కుడి అంచు పి.కె.ది. ముగ్గురినీ ఒకే వరసలో నిలపాలంటే ఒకరు తన చోటు వదులుకుని జరగాలి. జరిగింది బలరాం. ఇదేదో త్యాగమని కీర్తించడం నా ఉద్దేశం కాదు. ఏ చోట పెట్టినా ఆడగలవాడినే శిక్షకుడు కదుపుతాడు, అంతే.

1960 రోమ్ ఒలింపిక్స్ ఈ అమరికకు గట్టి పరీక్ష. ఆగస్టు 26న హంగరీతో తొలి ఆట. ఫ్లోరియన్ ఆల్బర్ట్, గోరోచ్ వంటివాళ్లున్న జట్టది. భారత్ 1–2తో ఓడింది, మన గోల్ బలరాంది. తర్వాత ఫ్రాన్స్‌తో 1–1, అందులో గోల్ కెప్టెన్ పి.కె.ది. మూడో ఆటలో పెరూ చేతిలో 1–3. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ ఇప్పటిదాకా కొట్టిన ఆఖరి గోల్ ఆ ఆటలోనిదే. దాన్ని కొట్టింది బలరాం అని కొన్ని చోట్ల, తంజావూరు ఆటగాడు సైమన్ సుందరరాజ్ అని మరికొన్ని చోట్ల అచ్చయింది. ఒక దేశం తన ఆఖరి ఒలింపిక్ గోల్‌కు ఒకే పేరు రాసుకోలేకపోయిందంటే, గోల్ కొట్టని పనుల గతి ఏమై ఉంటుందో పాఠకులే ఊహించవచ్చు.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఆయన ఆటకు శిఖరం. భారత్ తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది. థాయ్‌లాండ్‌పై 4–1తో, జపాన్‌పై 2–0తో నెగ్గింది. ఆ రెండు ఆటల్లోనూ బలరాం ఒక్కో గోల్ కొట్టారు. థాయ్‌లాండ్ ఆటలో స్టాపర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం ఆయనను పక్కన కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3–2తో గెలుపు. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టడంతో జకార్తా జనం మనవాళ్లమీద కత్తికట్టారు. లక్షమంది ఎగతాళి కేకల మధ్య పి.కె., జర్నైల్ గోల్స్‌తో భారత్ 2–1తో స్వర్ణం గెలిచింది.

ఆ రోజు ముందు వరస పి.కె., యూసుఫ్ ఖాన్, జర్నైల్, చునీ, బలరాం. స్కోరు కార్డు చూస్తే ఆఖరి రెండు ఆటల్లో బలరాం పేరు లేదు. కానీ ఆ వరస నిర్మాణం చూడండి. నడుమ ఉన్నవాడు నిన్నటిదాకా వెనక కాపలా కాసిన స్టాపర్, తలకు కుట్లతో ఉన్నవాడు. అతడు బంతిని తిప్పి ఆట నడపలేడు. నడిపే భారం పక్కలవాళ్లమీద పడుతుంది. ఎడమ అంచు ఆటగాడు కిందికి దిగి బంతి అందుకోవాలి, కొరియా రైట్ బ్యాక్‌ను బయటికి లాగాలి, చునీకి ఖాళీ చేయాలి. ఇది ఆ అమరికను బట్టి నేను చేస్తున్న అంచనా. జట్టు కూర్పు దీన్ని సమర్థిస్తోందనే నా నమ్మకం. అదే ఏడాది బలరాంకు అర్జున పురస్కారం వచ్చింది.

తర్వాతి కథ చిన్నది. 1963లో ఈస్ట్ బెంగాల్ వదిలి బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు మారారు. ఊపిరితిత్తుల పొరకు వచ్చిన జబ్బు ఆ ఏడాదే ఆట మాన్పించింది. అప్పటికి ఆయనకు నిండా ఇరవై ఏడేళ్లు. జూన్ 11న రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఒకే ఏట గురువు పోయి, శిష్యుడి ఆటా ఆగింది. పి.కె. ఆ తర్వాత శిక్షకుడిగా ఇంకొక జీవితం గడిపారు. చునీ బెంగాల్‌కు రంజీ క్రికెట్ కూడా ఆడారు. బలరాం రైల్వే ఉద్యోగం చేసుకుంటూ హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో స్థిరపడ్డారు. ఈస్ట్ బెంగాల్‌పై ఉన్న కినుకను పత్రికలవాళ్ల ముందు బాహాటంగానే చెప్పేవారు. 2020లో నెలన్నర లోపు పి.కె., చునీ ఇద్దరూ పోయారు. బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో 86 ఏళ్ల వయసులో మరణించారు. రహీం జీవితంపై హిందీ చిత్రం ‘మైదాన్’ ఆ తర్వాతి ఏడాది విడుదలైంది.

ఆయన తర్వాత హైదరాబాదు పూర్తిగా ఖాళీ కాలేదు. 1965 సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌దే. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదీ, తర్వాత బంగ్లాదేశ్ జాతీయ జట్టుకు శిక్షకుడిగా వెళ్లారు. 1991లో మోనెం మున్నా వంటి బంగ్లాదేశ్ ఆటగాళ్లు ఇటు వచ్చి ఈస్ట్ బెంగాల్‌కు ఆడారు. ఢాకాలోనూ ఆనాటి ఆటగాళ్ల చరిత్ర ఎక్కువభాగం అభిమానుల జ్ఞాపకాల్లోనే బతుకుతోంది. ఈ లోటు మన ఒక్కరిదే కాదు.

1950, 60లలోని ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ సంచికలు ఇంకా గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఏ ఆటకు ఎవరు ఏ స్థానంలో దిగారు, గోల్‌కు ముందు బంతి ఎవరి కాలి నుంచి వచ్చింది అన్న వివరాలను వాటిలోంచి ఏరి ఒకచోట చేర్చే పని తెలుగులో ఎవరూ పెట్టుకోలేదు. క్రీడాచరిత్రపై పరిశోధనకు అంశం వెతుక్కుంటున్న విద్యార్థులు, వాళ్లను నడిపే అధ్యాపకులు ఈ పనిని చేపట్టాలి. ఆ కాయితాలు చేతిలో పొడి కాకముందే మొదలుపెట్టాలి.