ఒంగోలు నుంచి ఫెర్రీ రేవు దాకా

మా వైపు నీళ్ళంటే ఎదురుచూపే. ఒంగోలు చుట్టుపక్కల మెట్ట పొలాలకు ఆకాశమే దిక్కు. మిరపకైనా పత్తికైనా సాగర్ కాలువ నీళ్ళు చివరి భూముల దాకా వచ్చిన ఏడు పండగే. గుండ్లకమ్మ నది చాలా నెలలు ఇసుకగానే కనిపిస్తుంది. అటువంటి నేల మీద పుట్టిన మనిషికి నిండు కృష్ణను కళ్ళారా చూడడం మొక్కు తీర్చుకోవడం లాంటిది. అదీ కార్తీక మాసంలో అయితే చెప్పనే అక్కర్లేదు.

2017 నవంబరు 12, ఆదివారం. ఒంగోలు వాకర్స్ క్లబ్ సభ్యులు కుటుంబాలతో కలిసి కృష్ణా తీరానికి వెళ్ళారు. రోజూ తెల్లవారక ముందే లేచి, ఒకరినొకరు పలకరించుకుంటూ నడిచే మనుషులు. ఒంట్లో బాగుండాలని, పిల్లల పిల్లలను కూడా చూసుకోవాలని నడక పట్టినవాళ్ళు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

పొద్దువాలే వేళకు వాళ్ళు పవిత్ర సంగమం హారతి చూడాలనుకున్నారు. పట్టిసీమలో ఎత్తిపోసిన గోదావరి నీళ్ళు పోలవరం కుడి కాలువ గుండా వచ్చి, ఇబ్రహీంపట్నం దగ్గర ఫెర్రీ రేవులో కృష్ణలో కలిసే చోటు అది. 2015లో ఆ నీళ్ళు కలిశాయి. 2016 పుష్కరాలకు అక్కడ పెద్ద ఘాటు కట్టారు. సాయంత్రం హారతికి జనం విరగబడి వచ్చేవారు. ఒంగోలు వాళ్ళు, వాళ్ళతో పాటు నెల్లూరు వైపు నుంచి వచ్చిన కొందరు, ఒక ప్రైవేటు బోటు ఎక్కారు. యాత్రికులను తిప్పడానికి దానికి అనుమతి లేదు. పట్టే జనం కన్నా ఎక్కువమందిని, నలభై మంది దాకా ఎక్కించుకున్నారు. లైఫ్ జాకెట్లు ఇవ్వలేదు. ఘాటు దగ్గర పడుతుండగా బోటు తిరగబడింది.

బోటు మునగడానికి తుపానే రావాలని మెట్ట ప్రాంతపు మనిషి అనుకుంటాడు. అక్కర్లేదు. మోయగలిగిన దానికన్నా ఎక్కువ బరువు ఎక్కితే బోటు అంచు నీటికి దగ్గరవుతుంది. కూర్చున్నవాళ్ళు లేచి నిలబడితే బరువు పైకి చేరుతుంది. పదిమంది ఒక్కసారిగా ఒకే పక్కకు జరిగితే అటు అంచు మునిగి నీళ్ళు లోపలికి వస్తాయి. ఆ నీళ్ళు కూడా అదే పక్కకు దొర్లుతాయి. ఇక బోటు తనంతట తాను లేవదు. అంతవరకు ఎండ తగలకుండా కాచిన కప్పే నెత్తిమీద మూతై కూర్చుంటుంది. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటే ఈత వచ్చిన మనిషికీ ఊపిరి చాలదు. జాకెట్ ఒంటి మీద, పట్టీలు బిగించి ఉంటేనే ప్రాణానికి రక్ష. బల్ల కింద ఉన్న జాకెట్ లేనట్టే లెక్క.

అక్కడే ఉన్న మత్స్యకారులు, ఒడ్డున ఉన్నవాళ్ళు దూకి కొందరిని బయటికి లాగారు. 22 మంది పోయారు. హారతికని పోయినవాళ్ళు శవాలై ఒంగోలు చేరారు. కొన్ని ఇళ్ళలో ఒకరికి మించి పోయారు. మర్నాడు నడక దారిలో ఎవరి ముఖం ఎవరు చూడగలరు?

తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. అరెస్టులు, సస్పెన్షన్లు, విచారణ, పరిహారం, ఇకపై అనుమతి లేని బోటు నీటిలో దిగదన్న హామీ. ఆ హామీ ఎంతకాలం నిలిచిందో గోదావరి చెప్పింది. 2018 మే నెలలో దేవీపట్నం మండలం మంటూరు దగ్గర లాంచీ గాలివానకు మునిగింది. పోయినవాళ్ళలో ఎక్కువమంది గిరిజనులు. 2019 సెప్టెంబరు 15న, మళ్ళీ ఒక ఆదివారం, పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. 77 మందిలో 26 మందే బతికారు.

ఫెర్రీ బోటుకు అనుమతి లేదు, సరే. వశిష్ఠకు లైసెన్సు ఉంది. ఫెర్రీ బోటులో జాకెట్లు ఇవ్వలేదు. వశిష్ఠలో జాకెట్లు ఉన్నా చాలామంది ఒంటి మీద లేవు. లైసెన్సు ఉన్న బోటు, అనుమతి లేని బోటు కన్నా ఎక్కువమందిని ముంచింది. వరద ఐదు లక్షల క్యూసెక్కులు దాటి పోతున్న రోజున ఆ బోటును ఎవరు కదలనిచ్చారన్నది అసలు ప్రశ్న.

కచ్చులూరులో నీళ్ళలో కొట్టుకుపోతున్నవాళ్ళను ముందుగా అందుకున్నది ఆ ఒడ్డు గిరిజనులు, తమ చిన్న పడవలతో. నౌకాదళం గజ ఈతగాళ్ళు, విపత్తు దళాలు వెతికిన లోతులోంచి 38 రోజుల తర్వాత బోటును పైకి లాగింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. ఏ సుడి ఎక్కడుందో, ఏ నెలలో ఏ మలుపు దగ్గర జాగ్రత్తపడాలో తెలిసిన మనుషులు వీళ్ళు. మనం వాళ్ళను పిలిచింది శవాలు తీయడానికి. నిబంధన రాసేటప్పుడు కదా పిలవాలి!

పిలవడానికి చట్టంలో దారి ఉంది. ముందుగా ప్రచురించాలని చట్టం చెప్పిన నిబంధనల ముసాయిదాను బయటపెట్టాలి, అభ్యంతరాలు, సూచనలు తీసుకుని పరిశీలించాకే ఖరారు చేయాలి అని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. కేంద్రం తన ముసాయిదాలను కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలని 2014లో విధానం పెట్టుకుంది. ఆవిరి పడవల కోసం 1917లో చేసిన చట్టం వందేళ్ళు నడిచి, దాని స్థానంలో 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్, తనిఖీ, బీమా, సిబ్బందికి అర్హత పత్రం అన్నీ అందులో ఉన్నాయి. ఇంజను లేని పడవలను స్థానికంగా నమోదు చేసే ఏర్పాటు కూడా ఉంది. పల్నాడులో కృష్ణ మీద బల్లకట్టు ఎక్కే మనుషులకు ఈ చట్టం దగ్గరి సంగతి. కానీ ఆ గెజిట్ వచ్చేది ఇంగ్లీషు, హిందీల్లో. రేవులో తెడ్డు వేసే మనిషికి అది చేరేదెలా?

బాధితుల మాట వినక తప్పని చోటూ ఉంది. లండన్‌లో 1989 ఆగస్టులో మార్షియోనెస్ అనే విహార నౌక థేమ్స్ నదిలో మునిగి 51 మంది పోయారు. ఆ కుటుంబాలు ఊరుకోలేదు. బహిరంగ న్యాయ విచారణ కోసం పదేళ్ళకు పైగా పోరాడి సాధించాయి. 2002లో ఆ నది మీద ప్రాణరక్షణ పడవల కేంద్రాలు వెలిశాయి. మన దగ్గర కచ్చులూరు తర్వాత తొమ్మిది చోట్ల బోటింగ్ కంట్రోల్ రూములు పెట్టారు, 2020లో ప్రారంభించారు. మంచి పనే, కాదనను. కానీ ఆ గదిలో కూర్చునే ఉద్యోగి ఏ రోజున బోటు ఆపాలో నిర్ణయించే ముందు ఆ ఒడ్డు మనిషి మాట వినాలన్న నియమం కావాలి. మన రాష్ట్రం దాటినా ఇదే కథ. 2023 మే నెలలో కేరళలోని తానూరులో చేపల పడవను విహార పడవగా మార్చి, పట్టనంత జనాన్ని ఎక్కించి ముంచారు. అక్కడా 22 మందే. అదీ ఆదివారం సాయంత్రమే.

అధికారులకు నా విన్నపం ఒక్కటే. బోటు నిబంధనలు ఈసారి మార్చేటప్పుడు ముసాయిదా తెలుగులో అచ్చువేసి ప్రతి రేవులో అంటించండి. ఫెర్రీలో, కచ్చులూరులో, అమరావతి రేవులో సభలు పెట్టండి. ఒక సభ ఒంగోలులో పెట్టండి. నది లేని ఊళ్ళో బోటు సభ ఏమిటని ఎవరైనా అడిగితే, 2017 నవంబరులో ఆ ఊరు ఎంతమందిని పోగొట్టుకుందో చెప్పండి. ఆ కుటుంబాల మాట ముందు వినండి, తర్వాతే కలం పట్టండి.