ఫ్లైవీల్ బరువు తగ్గిస్తే స్పోర్ట్స్ కారులో ఏం మారుతుంది?

క్రాంక్‌షాఫ్ట్ చివర బిగించే బరువైన చక్రమే ఫ్లైవీల్. సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి ఫైర్ అవుతుంటే మధ్యలో వచ్చే కుదుపులను మింగేసి ఇంజిన్‌ని ఒకే తీరుగా తిప్పేది ఇదే. క్లచ్ ప్లేటు ఆనేది కూడా దీనికే.

దీన్ని తేలిక చేస్తే పవర్ పెరుగుతుందని కుర్రాళ్లు అనుకుంటారు. పెరగదు. ఇంజిన్ వేగం పుంజుకునేటప్పుడు ఫ్లైవీల్‌ని తిప్పడానికే పోయే శక్తి తగ్గుతుంది, అంతే. ఆ లాభం కూడా అన్ని గేర్లలో ఒకటి కాదు. 14 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న 8 కిలోల చక్రాన్ని అదే సైజులో 4 కిలోలకు తెచ్చారనుకోండి. మొదటి గేరులో ఇంజిన్ 14 చుట్లు తిరిగితే టైరు ఒక చుట్టు తిరుగుతుంది, టైరు వ్యాసార్థం 30 సెంటీమీటర్లు. లెక్క కడితే కారులోంచి 85 కిలోల మనిషిని దించినంత తేడా! ఇంజిన్ 4 చుట్లకు టైరు ఒక చుట్టు తిరిగే టాప్ గేరులో మాత్రం 7 కిలోలే. బరువు అంచున తీస్తేనే ఫలితం ఎక్కువ, మధ్యలో తీస్తే పెద్దగా తెలియదు.

డ్రైవర్‌కి తెలిసేది కాలి కింద. యాక్సిలరేటర్ తాకగానే ఆర్‌పీఎం లేస్తుంది, వదలగానే పడిపోతుంది. గేరు దించేటప్పుడు చిన్న రేజ్ ఇస్తే చాలు. ట్రాక్ మీద ఇది నిజంగా సరదా. 2016లో వచ్చిన పోర్షే 911 ఆర్‌కి తేలికైన సింగిల్ మాస్ ఫ్లైవీల్‌ని కంపెనీయే ఆప్షన్‌గా ఇచ్చింది.

ఇక ఇంటిల్లిపాదీ ఎక్కే కారు సంగతి వేరు. ట్రాఫిక్‌లో క్లచ్ కాస్త తొందరగా వదిలితే బండి ఆఫ్ అవుతుంది, ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగితే మరీ ఇబ్బంది. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ తీసేసి సింగిల్ మాస్ వేస్తే స్లో రన్నింగ్‌లో గేర్‌బాక్స్ గలగలమంటుంది.

అసలు భయం లేత్ దగ్గర. కంపెనీ నుంచి వచ్చే పోత ఇనుము ఫ్లైవీల్‌ని చెక్కించి పలచన చేస్తే, ఎక్కువ ఆర్‌పీఎంలో అది పగలొచ్చు. ముక్కలు బెల్ హౌసింగ్ చీల్చుకుని వచ్చేది డ్రైవర్ కాళ్ల దగ్గరికే. ఎంత అనుభవం ఉన్న ఉస్తాద్ చెప్పినా ఆ పని వద్దు. తేలికది కావాలంటే ఆ కారు కోసమే చేసిన స్టీల్‌ది కొని, బ్యాలెన్స్ చేయించి, కొత్త బోల్టులతో, సరైన టార్క్‌కి బిగించాలి.