మోకాలి మార్పిడి: పథకం గడువు 15 రోజులు, కోలుకోవడానికి నెలలు

కీళ్లు అరిగి మోకాలి మార్పిడికి సిద్ధమయ్యేవారు ముందుగా అడిగేది ఇంప్లాంట్ ఏ కంపెనీది, ఖర్చెంత అనే. ఇంప్లాంట్ల ధరలకు కేంద్రం 2017 ఆగస్టులోనే పరిమితి పెట్టింది. ఆయుష్మాన్ భారత్ కింద నమోదైన ఆసుపత్రుల్లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం ఉచితం. 70 ఏళ్లు నిండినవారికి 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో సంబంధం లేకుండా కార్డు ఇస్తున్నారు. అయితే డిశ్చార్జ్ తర్వాతి ఖర్చులు ఈ పథకంలో 15 రోజుల వరకే. కాలు దారికి రావడానికి నెలలు పడుతుంది.

ఆపరేషన్ రోజునో, మర్నాడో వాకర్‌తో నడిపిస్తారు. కుట్లు రెండు వారాల ప్రాంతంలో తీస్తారు. ఆ తర్వాతి నెల అసలైన పరీక్ష. కాలు పూర్తిగా చాపడం, 90 డిగ్రీలైనా మడవడం మొదటి ఆరు వారాల్లో రాకపోతే కీలు బిగుసుకుపోతుంది. నొప్పి భయంతో వ్యాయామం మానేస్తే జరిగేది ఇదే. డాక్టరు రాసిన నొప్పి మాత్ర వేసుకుని అరగంట ఆగి మొదలుపెడితే కాస్త తేలిక.

ఇంట్లోవాళ్లు ప్రేమతో చేసే పొరపాటు ఒకటుంది: మోకాలి కింద దిండు పెట్టడం. హాయిగానే ఉంటుంది, కానీ కాలు వంగినట్టే ఉండిపోతుంది. దిండు మడమ కింద పెట్టాలి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు బాగున్న కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ అయిన కాలు. నేల మీద బాసింపట్టు, ఇండియన్ టాయిలెట్ వద్దు. వెస్టర్న్ కమోడ్ ఆపరేషన్‌కు ముందే పెట్టించుకోవాలి (డిశ్చార్జ్ రోజున మేస్త్రీ కోసం వెతికే ఇళ్లు తక్కువేం కాదు).

మోకాలి చుట్టూ వాపు, వెచ్చదనం కొన్ని నెలలు ఉండొచ్చు. పిక్కలో నొప్పి, వాపు వస్తే మాత్రం రక్తం గడ్డకట్టిందేమో చూపించుకోవాలి. గాయం నుంచి చీము, జ్వరం ఉంటే అదే రోజు సర్జన్ దగ్గరకు వెళ్లాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయాలి. రక్తం పలచబడే మందు చెప్పినన్ని రోజులూ వాడాల్సిందే.

డిశ్చార్జ్‌కు ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను రెండు విషయాలు అడగండి: 15 రోజుల్లో ఏయే మందులు, ఎన్నిసార్లు ఫిజియోథెరపీ వస్తాయి? గడువు అయ్యాక దగ్గర్లో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ దొరుకుతుంది? వ్యాయామాలు చేయించేటప్పుడు ఫిజియోథెరపిస్టు అనుమతితో ఫోన్‌లో వీడియో తీసుకోండి. పథకం గురించి సందేహాలుంటే టోల్‌ఫ్రీ నంబరు 14555.