పడకగదిలో ప్రయోగశాల

సింథటిక్ బయాలజీ అనగానే 'మనకెందుకొచ్చిన గొడవ' అని పేజీ తిప్పేయకండి. జీవకణాల్లోని జన్యువులను కావలసినట్టు కూర్చుకునే ఈ విద్య ఇళ్ళలోకీ వచ్చేసింది. యూనివర్సిటీల బయట సొంతంగా ప్రయోగాలు చేసుకోవాలనే ఔత్సాహికులు 2008లో అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఓ బృందంగా చేరారు. 2010లో బ్రూక్లిన్‌లో వాళ్ళలాంటి వాళ్ళకోసమే జెన్‌స్పేస్ అనే లేబొరేటరీ వెలిసింది. కొత్త వింతేమీ కాదు లెండి. ఇటలీలో రీటా లెవీ మొంతాల్చీని అనే ఆవిడ ఈ పని 1940లోనే చేసింది. అదీ సరదాకి కాదు, గత్యంతరం లేక.

ఆడపిల్లకు పెద్ద చదువు దేనికి, రేపు సంసారానికి అడ్డమొస్తుంది అన్నాడట తండ్రి. (ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ?) ఆయన్ని ఒప్పించి డాక్టరీ చదివింది. తీరా 1938లో ముస్సోలినీ ప్రభుత్వం చట్టం చేసి యూదులను యూనివర్సిటీల నుంచి గెంటేసింది. రీటా యూదురాలు.

ఆవిడ టూరిన్‌లో తన పడకగదినే లేబొరేటరీ చేసుకుంది. కుట్టుసూదుల్ని సానరాయి మీద నూరి శస్త్రాలు చేసుకుంది. గడియారాలు బాగుచేసేవాళ్ళ శ్రావణం, కంటిడాక్టర్ల బుల్లి కత్తెర, ఓ మైక్రోస్కోపు, గుడ్లు పొదిగించే వెచ్చని పెట్టె - అంతే సరంజామా. ఉద్యోగం పోయిన ఆవిడ గురువు జుసెప్పె లెవీ వచ్చి శిష్యురాలికే సహాయకుడయ్యాడు. మనిషి భారీగా ఉండేవాడు, ఆ ఇరుకు గదిలో ఏది తగిలి పడిపోతుందోనని ఈవిడకు ఒకటే గుబులు!

1942లో బాంబుల దెబ్బకి కుటుంబమంతా పల్లెకు పోయింది. అక్కడ అందరూ కూర్చుని అన్నాలు తినే గదిలోనే ఓ మూల రీటా బల్ల. సైకిలెక్కి ఇల్లిల్లూ తిరిగి, "పిల్లలకండీ" అని గుడ్లడిగేది. మీ ఇంట్లో పుంజుందా అని కూడా మెల్లిగా కూపీ లాగేది, పిండం కట్టే గుడ్డయితేనే కదా పనికొచ్చేది! పిండం తీసుకోగా మిగిలిన గుడ్డు ఆమ్లెట్ అయ్యేది. సంగతి తెలిశాక అన్నగారు ఆ ఆమ్లెట్ ముట్టుకోలేదట.

ఇంతకీ ఏం కనిపెట్టింది? కోడిపిండంలో రెక్కో కాలో మొలిచే మొగ్గను తీసేస్తే, అక్కడికి వెళ్ళే నరాల కణాలు తగ్గిపోతాయి. అవి అసలు పుట్టనే లేదనుకున్నారు పెద్దలు. కాదు, పుట్టాయి, ఎదిగాయి, చేరవలసిన చోట అందవలసిందేదో అందక చచ్చిపోయాయి అంది రీటా. యూదుల రచన ఇటలీ పత్రికలు వేయవు గనక బెల్జియం పత్రికలో అచ్చయింది. అది చూసి అమెరికా నుంచి విక్టర్ హాంబర్గర్ రమ్మని రాశాడు. 1947లో కొద్ది నెలలకని వెళ్ళిన మనిషి ముప్ఫై ఏళ్ళపాటు అక్కడ పనిచేసింది. కణాలకు అందవలసిన ఆ 'ఏదో' కూడా దొరికింది. 1986లో స్టాన్లీ కోహెన్‌తో కలిపి ఆవిడకు నోబెల్ బహుమానం ఇచ్చారు.

'పిల్లలకని' గుడ్లిచ్చిన ఆ పల్లెవాళ్ళకు ఈ సంగతి ఎప్పటికైనా తెలిసిందో లేదో మరి!