తాటాకు నుంచి శ్లాబు దాకా: ఉక్కపోసే నేలలో ఇంటి పైకప్పు చరిత్ర



రాజ్యాల చరిత్ర, యుద్ధాల చరిత్ర మీ పాఠ్యపుస్తకాల్లో ఉంటాయి. మీరు ఏ కప్పు కింద కూర్చుని ఆ పుస్తకాలు చదువుతున్నారో, ఆ కప్పుకు కూడా ఒక చరిత్ర ఉంది. అందులో వాతావరణం ఉంది, వ్యాపారం ఉంది, తుపానులు ఉన్నాయి, కొంత భౌతికశాస్త్రం కూడా ఉంది. ఈ ప్రసంగంలో ఆ చరిత్రను పరిశీలిద్దాం.

ముందుగా ఒక విషయం గమనించండి. పైకప్పు అనగానే మనకు బయటికి కనిపించే పెంకో, రేకో గుర్తుకు వస్తుంది. నిజానికి దూలాలు, వాసాలు ఒక అస్థిపంజరం. ఆ అస్థిపంజరం మీద ఒక పరుపు పరుస్తారు. అది వెదురు దబ్బలు కావచ్చు, చెక్క కావచ్చు, ఇటుక కావచ్చు, రాతిబండ కావచ్చు. ఆ పరుపు మీద ఎండావానలను తట్టుకునే పై పొర ఉంటుంది. ఇల్లు చల్లగా ఉంటుందా, కప్పు ఎన్నాళ్ళు నిలుస్తుంది అన్నవి చాలావరకు ఈ లోపలి పరుపు మీదే ఆధారపడి ఉంటాయి.

వేడీ తేమా కలిసి ఉండే ప్రాంతంలో ప్రతి పైకప్పూ నాలుగు పరీక్షలు నెగ్గాలి. వాన నీటిని ఆపాలి. ఎండ వేడిని లోపలికి రానీయకూడదు. తనలో చేరిన తేమను తొందరగా ఆరబెట్టుకోవాలి. గాలివానకు ఎగిరిపోకూడదు. ఈ నాలుగింటిలోనూ పూర్తి మార్కులు తెచ్చుకున్న పదార్థం ఇంతవరకు లేదు. పైకప్పుల చరిత్ర అంతా ఈ నాలుగు పరీక్షల మధ్య జరిగిన బేరసారాల చరిత్రే.

పొడి నేల, తడి నేల

రాయలసీమలో పాతకాలపు ఇళ్ళు మట్టి మిద్దెలు. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటిమీద చెక్కలో నాపరాళ్ళో పరిచి, పైన మందంగా మట్టి వేసి, ఆఖరున నీటిని దిగనీయని చౌడు మట్టి పరిచేవారు. కృష్ణా, గోదావరి జిల్లాల్లోని సముద్రతీర గ్రామాల్లో మాత్రం ఏటవాలుగా దిగే తాటాకు కప్పులు, పెంకుటిళ్ళు కనిపించేవి. ఒకే భాష మాట్లాడే ప్రజలు రెండు రకాల కప్పులు ఎందుకు వేసుకున్నారు?

వాన ఎక్కువ కాబట్టి వాలు కావాలి అన్నది సగం జవాబు. మిగతా సగం గాలిలోని తేమలో ఉంది. నీటి ఆవిరి భూమి నుంచి పైకి పోయే పరారుణ కిరణాలను పట్టి ఉంచుతుంది. అందువల్ల పొడి ప్రాంతంలో రాత్రి త్వరగా చల్లబడుతుంది, తేమ ప్రాంతంలో చల్లబడదు. మే నెలలో పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రత తేడా ఎడారి ప్రాంతాల్లో 15 డిగ్రీల దాకా ఉంటే, కోస్తాలో సుమారు 10 డిగ్రీలే. మందమైన మట్టి కప్పు పగలంతా వేడిని తాగి రాత్రికి వదిలేస్తుంది. రాత్రి చల్లగా ఉండే చోట అది వరం. రాత్రి కూడా ఉక్కపోసే చోట అదే శాపం. కోస్తా మనిషికి కావలసింది తేలికగా ఉండి, వేడిని దాచుకోకుండా, గాలి ఆడే కప్పు.

ఆకు, వెదురు, గడ్డి

తాటాకు కప్పు ఈ అవసరానికి బాగా సరిపోయింది. తాటి దూలాలు, వెదురు వాసాలు, అడ్డంగా కట్టిన దబ్బలు, వాటిమీద వరుసలు వరుసలుగా ఆకు. ఆకుల మధ్య చిక్కుకుని ఉండే గాలే అసలైన వేడినిరోధకం. ఎండుగడ్డి, ఆకు కప్పుల ఉష్ణవాహకత కాంక్రీటు వాహకతలో సుమారు ఇరవయ్యో వంతు మాత్రమే. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లోని చుట్టిళ్ళు గుండ్రంగా ఉండటం వల్ల గాలి వాటిని ఒక పక్కనే పట్టి నెట్టలేకపోయేది. చూరు బాగా కిందికి దిగి మట్టిగోడను వాన నుంచి కాపాడేది.

వంగదేశంలో వెదురును విల్లులా వంచి కప్పు వేసేవారు. వాన నీరు రెండు పక్కలకూ జారిపోయేది. ఆ ఇంటి పేరు 'బంగ్లా'. మనం ఈనాడు గొప్పగా పలికే 'బంగళా' అనే మాట ఆ పూరింటి నుంచే వచ్చింది. విష్ణుపూర్‌లో 1655లో కట్టిన జోడ్ బంగ్లా ఆలయం ఆ వెదురు కప్పు వంపును ఇటుకల్లో అనుకరించింది.

అయితే ఈ కప్పుకు లోపాలూ ఉన్నాయి. రెండు మూడేళ్ళకోసారి ఆకు మార్చాలి. చెదలు, ఎలుకలు తప్పవు. వేసవిలో ఒక పాక అంటుకుంటే వీధి వీధంతా బూడిదయ్యేది. కలిగినవారు అందుకే పెంకుకూ, మిద్దెకూ మారారు.

మద్రాసు మిద్దె, మంగుళూరు పెంకు

కలిగినవారి ఇళ్ళలో, ప్రభుత్వ భవనాల్లో 'మద్రాసు టెర్రస్' అనే పద్ధతి వ్యాపించింది. టేకు దూలాల మీద పల్చని చిన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో అతికేవారు. వాటిమీద ఇటుక ముక్కలు, గానుగ సున్నం కలిపి పరిచి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు చల్లుతూ రోజుల తరబడి కర్రబల్లలతో కొట్టేవారు. ఆఖరున పల్చని బిళ్ళ పెంకులు. ఈ పొరల్లో ఒక్కొక్కదానికీ ఒక్కొక్క పని ఉంది. బరువు మోసేది దూలం, పరుపు ఇటుక, వేడినీ నీటినీ అడ్డేది సున్నపు పొర, ఎండావానలకు ఎదురు నిలిచేది బిళ్ళ పెంకు. సున్నానికి ఇంకొక గుణం ఉంది. అది తేమను కొద్దికొద్దిగా పీల్చుకుని మళ్ళీ గాలికి వదిలేస్తుంది. ఈ పద్ధతికి ప్రాణం టేకు. అందులో పేరుపడ్డ బర్మా టేకు ఓడల మీద రావాలి. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించడంతో ఆ దారి మూసుకుపోయింది.

మధ్యతరగతి ఇంటికి మరో దారి మంగుళూరు నుంచి వచ్చింది. 1865లో బాసెల్ మిషన్ వారు నేత్రావతి నది దగ్గర జెప్పులో పెంకుల కార్ఖానా స్థాపించారు. దానికి రూపకల్పన చేసినవాడు జార్జ్ ప్లెబ్‌స్ట్. ఒకదాని అంచు మరొకదాని గాడిలో కూర్చునే పెంకు నమూనా అంతకుముందే ఫ్రాన్సులో గిలార్డోని సోదరుల చేతిలో తయారైంది. కుమ్మరి చేసే గూన పెంకును కోతులు కదిపినా, గాలి లేపినా వాన కారేది. ఈ కొత్త పెంకు కదలదు. చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు చాలు. తర్వాత గోదావరి జిల్లాల్లోనూ పెంకుల కార్ఖానాలు వెలిశాయి. మన తెలుగు పల్లెల్లో దానికి 'బెంగుళూరు పెంకు' అనే పేరు స్థిరపడింది.

ఈ పెంకు కింద వాసాల మీద రీపర్లు ఉంటాయి. స్తోమత ఉన్నవారు రీపర్ల కింద మరో వరుస పల్చని బిళ్ళ పెంకులు పరిచేవారు. రెండు వరుసల మధ్య గాలి నిలిచి వేడిని తగ్గిస్తుంది. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది, తడిసిన కలప ఆరిపోతుంది. నాలుగు పరీక్షల్లో మూడింట్లో ఈ కప్పుకు మంచి మార్కులే వచ్చాయి.

రేకుల రాక

ముడతల ఇనుప రేకుకు 1829లో లండన్‌లో హెన్రీ పామర్ పేటెంటు తీసుకున్నాడు. 1837లో ఫ్రాన్సులో సోరెల్ జింకు పూత పద్ధతిని కనిపెట్టాక ఆ రేకు తుప్పును తట్టుకుంది. బెంగాల్ డెల్టాలో, ఇప్పటి బంగ్లాదేశ్‌లో, రేకుల ఇల్లు పల్లెల్లో సర్వసాధారణమైంది. ఆస్ట్రియాలో హాట్షెక్ 1900 ప్రాంతంలో సిమెంటు, రాతినార కలిపి చేసిన ఆస్బెస్టాస్ రేకు మన దేశంలోనూ విరివిగా వాడకంలోకి వచ్చింది.

ఇనుప రేకు పగలు నిప్పులా కాలుతుంది. రాత్రి ఆకాశంలోకి వేడిని వదిలి గాలి కంటే చల్లబడుతుంది. అప్పుడు తేమగాలి రేకు అడుగున నీటి బొట్లై కారుతుంది. రేకు కింద పరుపు లేకపోవడమే దీనికి కారణం. ఆస్బెస్టాస్ నార ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సరు వస్తుందని శాస్త్రం నిర్ధారించింది. ఆ పరిశ్రమల కార్మికుల ఆరోగ్యం వారి ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. పాత ఆస్బెస్టాస్ రేకును కోయడం, రంధ్రాలు వేయడం, పగలగొట్టడం ప్రమాదకరమని మీరు ఇంట్లో పెద్దలకు చెప్పాలి.

ఉప్పెన నేర్పిన పాఠం

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సుమారు 10,000 మంది ప్రాణాలు కోల్పోయారు. ఊళ్ళకు ఊళ్ళు పాకలతో సహా తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాత తీరమంతటా కాంక్రీటు తుపాను రక్షణ కేంద్రాలు కట్టారు. పేదలకు పక్కా ఇల్లు అనే ఆలోచన బలపడింది. 1982లో సిమెంటు మీద ప్రభుత్వ నియంత్రణ కొంత, 1989లో పూర్తిగా తొలగిపోయాక సిమెంటు బస్తా పల్లె దుకాణానికి చేరింది. పక్కా ఇల్లంటే శ్లాబు ఇల్లే అయింది.

ఇందులో న్యాయముంది. లెక్క వేసి చూద్దాం. గంటకు 180 కిలోమీటర్లు, అంటే సెకనుకు 50 మీటర్ల వేగంతో వీచే గాలి కలిగించే పీడనం సుమారు 1500 పాస్కళ్ళు. కప్పును పైకి లాగే బలంగా అది పనిచేస్తే, చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుతో సమానం. ఇనుప రేకు బరువు చదరపు మీటరుకు 5 కిలోల చుట్టుపక్కల, పెంకుల కప్పు సుమారు 45 కిలోలు. 10 సెంటీమీటర్ల మందం గల కాంక్రీటు శ్లాబు 240 కిలోలు. రేకును, పెంకును గట్టిగా బిగిస్తేనే నిలుస్తాయి. శ్లాబు తన బరువుతోనే నిలుస్తుంది. నాలుగో పరీక్షలో శ్లాబు నూటికి నూరు తెచ్చుకుంది. ఆ కప్పు కింద తలదాచుకుని బతికినవారి సంఖ్య తక్కువేమీ కాదు.

రాత్రికి చెల్లించే బాకీ

కాపాడిన ఆ 240 కిలోలే వేసవి రాత్రి మరో పని చేస్తాయి. మే నెల ఎండకు శ్లాబు సగటున 15 డిగ్రీలు వేడెక్కిందనుకుందాం. కాంక్రీటు విశిష్టోష్ణం కిలోకు సుమారు 0.88 కిలోజౌళ్ళు. 240ని 0.88తో, 15తో గుణిస్తే చదరపు మీటరుకు సుమారు 3170 కిలోజౌళ్ళు. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు గల గది కప్పులో 38,000 కిలోజౌళ్ళు. వెయ్యి వాట్ల హీటరు పదిన్నర గంటలు వెలిగితే వచ్చే వేడి ఇది. అందులో కొంత ఆకాశంలోకి పోతుంది, కొంత మంచం మీద పడుకున్న మనిషి మీదికి దిగుతుంది. శ్లాబులో వేడి పైనుంచి కిందికి చేరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం కంటే సాయంత్రం, రాత్రి గది ఎక్కువ ఉడికిపోతుంది.

2003లోనూ, 2015లోనూ వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా మరణించారు. వీరంతా పైకప్పుల వల్లే మరణించారని కాదు. కానీ పగలు ఎండలో పనిచేసిన శరీరం రాత్రి కోలుకోవాలంటే చల్లని చోటు కావాలి. ఏసీ కొనగలిగినవాడికి శ్లాబు చేసే అన్యాయం తెలియదు. పంకా కింద పడుకునే కూలీకి బాగా తెలుసు.

సముద్రతీరంలో మరో చిక్కు ఉంది. ఉప్పుగాలి, నీటి చెమ్మ శ్లాబులోకి దిగి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తాయి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులుగా ఊడి పడుతుంది.

పొరలను తిరిగి తెచ్చుకోవడం

ఇంతవరకు చూసినదాన్ని కలిపి ఆలోచించండి. తాటాకు కప్పులో, మద్రాసు మిద్దెలో, రెండు వరుసల పెంకుటింట్లో పనులు పొరల మధ్య పంచుకుని ఉన్నాయి. శ్లాబులో బరువు మోయడం, వాన ఆపడం, ఎండ కాయడం అన్నీ ఒకే పొర నెత్తిన పడ్డాయి. పాక మంచిదని వెనక్కి వెళ్ళలేం, వెళ్ళకూడదు. దివిసీమ దానికి సమాధానం చెప్పింది. మనం చేయగలిగింది శ్లాబుకు తోడుగా ఆ పొరలను తిరిగి తెచ్చుకోవడం.

కేరళలో వాస్తుశిల్పి లారీ బేకర్ 1970ల నుంచి ఈ దిశలో పనిచేశారు. శ్లాబు వంగినప్పుడు దాని అడుగుభాగం సాగుతుంది. సాగుడును తట్టుకునేది ఇనుమే. అక్కడి కాంక్రీటు చాలావరకు ఊరకే ఉండే బరువు. ఆ చోట ఆయన పాత మంగుళూరు పెంకులను ఇమిడ్చారు. కాంక్రీటు ఆదా అయింది, పెంకుల మధ్య చిక్కిన గాలి వేడిని తగ్గించింది. కేరళలో చాలామంది శ్లాబుకు పైన ఖాళీ వదిలి పెంకుల కప్పు కూడా వేసుకుంటారు. వాన, ఎండ పెంకు మీదే ఆగిపోతాయి.

అంత ఖర్చు పెట్టలేనివారికి సున్నం ఉంది. మాసిన కాంక్రీటు తనమీద పడ్డ ఎండలో మూడో వంతు కూడా వెనక్కి పంపదు. కొత్తగా వేసిన తెల్లపూత మూడింట రెండు వంతులకు మించి పంపగలదు. 2013లో అహ్మదాబాదు నగరం వడగాడ్పుల నివారణ ప్రణాళికను చేపట్టింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం 2028 దాకా అమలయ్యే చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. బూజు, దుమ్ము పట్టిన పూత పనిచేయదు కనుక ప్రతి వేసవి ముందూ కడిగి మళ్ళీ పూయాలి. వాననీరు నిలవకుండా వాలు ఉంచుకుంటే చువ్వలూ భద్రంగా ఉంటాయి.

రేపు మీ ఇంట్లో కొత్త కప్పు వేయాలనే మాట వస్తే 'ఏ సరుకు మంచిది' అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. గాలివానకు ఏది నిలుస్తుంది, దాని మీద నీడ ఏమిటి, మధ్యలో గాలికి చోటు ఎక్కడ, చేరిన చెమ్మ ఎటు పోతుంది అని నాలుగు ప్రశ్నలు అడగండి.

అభ్యాసం: ఒక గది ఉష్ణమాపకం తీసుకుని కప్పుకు జానెడు కింద వేలాడదీయండి. మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 9 గంటలకు, తెల్లవారుజామున 5 గంటలకు వారం రోజులు కొలతలు రాయండి. శ్లాబు ఇల్లు, పెంకుటిల్లు, రేకుల ఇల్లు ఉన్న ముగ్గురు స్నేహితులు కలిసి చేసి, తేడాలను గ్రాఫుగా గీయండి. ఎవరి ఇల్లు ఏ వేళ వేడిగా ఉందో, ఎందుకో తరగతిలో చర్చించండి.