పూనిక, పూనకం

వేటపాలెం దగ్గరి రామాపురం నుంచి రేపల్లె దాకా ఏ పల్లెలో అమ్మవారి కొలుపులు జరిగినా, డప్పులు ఊపందుకున్న కాసేపటికి జనంలో ఎవరో ఒకామె ఊగడం మొదలుపెడుతుంది. జుట్టు ముడి ఊడిపోతుంది. గొంతు మారిపోతుంది. "అమ్మ పూనింది" అంటారు పక్కవాళ్ళు. పెద్దవాళ్ళు చేతులు జోడించి "ఎవరమ్మా నువ్వు? ఏం కావాలి తల్లీ?" అని అడుగుతారు. అదే ఊళ్ళో పాడుబడ్డ చెరువు బాగుపడితే "నలుగురూ పూనుకున్నారు కాబట్టి అయింది" అంటారు. రెండు చోట్లా క్రియ ఒక్కటే. మనిషి తెలిసి, తలచి, తల పెట్టి చేసే పనికి పూనిక. మనిషి తన చేతిలో తాను లేనప్పుడు జరిగేదానికి పూనకం. ఒకే ధాతువు ఇంత ఎదురెదురుగా ఉన్న రెండు స్థితులకు పేరెలా అయింది?

పూను అంటే మొదట తొడగడం, ధరించడం, భారం వహించడం. తమిళంలో "పూణ్" అన్నా ఇదే: నగ పెట్టుకోవడం, కాడికి కట్టుబడడం, బాధ్యత తలకెత్తుకోవడం. పాత కన్నడంలో ఆ ధాతువు ప్రతిజ్ఞ వైపు మొగ్గింది. మన కావ్యాల్లో రథాలకు గుర్రాలను పూన్చుతారు, వీరులు ప్రతిన పూనుతారు, మునులు మౌనం పూనుతారు. అన్నిటికీ అడుగున ఉన్నది కాడి. అయితే కాడి ఎత్తేవాడూ ఉంటాడు, కాడి కింద మెడ పెట్టేదీ ఉంటుంది. పూనికలో మనిషి తనే ఎత్తుకుంటాడు. పూనకంలో అతని మెడ మీద ఇంకెవరో ఎత్తుతారు.

ఈ తేడా చెప్పడానికి తెలుగు వ్యాకరణం చేసే పని చిన్నది, చాలా సున్నితమైనది. పూనికకు "కొను" చేర్చి పూనుకొను అంటుంది. ఆ "కొను" ఉన్న చోట చేసేవాడూ పొందేవాడూ ఒకడే. పూనకంలో "కొను" ఉండదు. కర్త అమ్మవారు అవుతుంది, మనిషి "కు" విభక్తిలోకి తప్పుకుంటాడు: "ఆమెకు అమ్మ పూనింది." నేను పూనుకున్నాను, నాకు పూనింది. "నేను"కూ "నాకు"కూ మధ్య ఉన్న ఈ గీత ఒక్క కొలుపుల్లోనే కాదు, రోజంతా మన నోట్లో నలుగుతూ ఉంటుంది. నేను ఆలోచించాను, నాకు ఆలోచన వచ్చింది. నేను పడుకున్నాను, నాకు నిద్ర పట్టింది. నేను గుర్తు చేసుకున్నాను, నాకు గుర్తొచ్చింది. మొదటి వాక్యంలో పని మన వశంలో ఉంది. రెండో వాక్యంలో మనం అది వచ్చి చేరే చోటు మాత్రమే.

మనోవైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో "మనస్తత్వ రకాలు" అనే పెద్ద పుస్తకం అచ్చువేసినప్పుడు చెప్పిన ముఖ్యమైన సంగతుల్లో, మన వశంలో ఉన్నదానికీ మనకు వచ్చి చేరేదానికీ మధ్య ఉన్న ఈ తేడా ఒకటి. మనసుకు నాలుగు వ్యాపారాలు, అంటే పని చేసే తీరులు, ఉన్నాయన్నాడు: ఆలోచన, విలువ కట్టే అనుభూతి, ఇంద్రియాలతో గ్రహించడం, స్ఫురణ. ఒక్కో మనిషిలో వీటిలో ఒకటి బాగా పదునెక్కి, పిలిస్తే పలుకుతుంది. దానికి ఎదురుగా ఉన్నది ఎదగక, వెలుగులోకి రాక ఉండిపోతుంది. పదునెక్కినదాన్ని మనం వాడుకుంటాం. ఎదగనిది మనకు జరుగుతుంది. అంటే ఒకటి పూనిక, ఒకటి పూనకం.

ఈ పోలిక నేను బలవంతంగా తెచ్చి అంటించింది కాదు. యుంగ్ తన శాస్త్రజీవితం మొదలుపెట్టిందే పూనకం దగ్గర. 1902లో జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి ఆయన సమర్పించిన వైద్య పట్టా సిద్ధాంత వ్యాసం తమ చుట్టాలమ్మాయి గురించి. ఆమెకు ఆత్మలు పూనేవి. మామూలుగా స్విస్ యాసలో మాట్లాడే ఆ పిల్ల, పూనినప్పుడు గ్రంథాల్లోని జర్మన్‌లో గంభీరంగా, వయసుకు మించిన పెద్దరికంతో మాట్లాడేది. ఆ పెద్దరికం బయటినుంచి వచ్చింది కాదనీ, ఆ పిల్లలో ముందుముందు ఎదగవలసిన మనిషే దారి దొరక్క అలా తోసుకొస్తున్నదనీ యుంగ్ రాశాడు.

ఇప్పుడు మన కొలుపుల దగ్గరికి రండి. మామూలు రోజుల్లో ఊరి పెద్ద ఎదురైతే పక్కకు తప్పుకుని "అయ్యా, మీరు" అనే ఆడమనిషి, అమ్మ పూనినప్పుడు అదే పెద్దమనిషిని "ఒరేయ్, ఇలా రారా" అని పిలుస్తుంది. నాకు చేయవలసింది చేయలేదని నిలదీస్తుంది. ఆయన తల వంచుకుని "తప్పయింది తల్లీ" అంటాడు. పసుపు నీళ్ళు చల్లి, హారతి ఇచ్చి, వేపమండలతో శాంతింపజేశాక ఆమెను అడిగితే "నాకేం తెలీదు" అంటుంది. అమ్మవారిని నమ్మేవాళ్ళకు అది అమ్మవారే, ఆ నమ్మకంతో నాకు పేచీ లేదు. నేను వినేది సర్వనామాన్ని. ఏడాదంతా "నేను" అనడానికి చోటు లేని నోరు ఆ ఒక్కపూట "నేను" అంటున్నది.

అందుకే, మనసులో వెలుగులోకి రాని ఈ భాగానికి మన పుస్తకాల్లో స్థిరపడిన "అచేతనం" అన్న మాట నాకు మింగుడు పడదు. అచేతనం అంటే చైతన్యం లేనిది. రాయి అచేతనం, మొద్దు అచేతనం. యుంగ్ గానీ, ఆయనకు ముందు ఫ్రాయిడ్ గానీ చెప్పినది ఇందుకు పూర్తిగా విరుద్ధం: అది పని చేస్తుంది, కోరుతుంది, అడ్డుపడుతుంది, మాట జారేలా చేస్తుంది. "సుప్తచేతన" అన్నా ఇదే చిక్కు. పూనకంలో ఉన్నామె నిద్రలో లేదు. స్పృహ తప్పిందని కూడా అనలేం, నడుస్తున్నది, మనుషుల్ని గుర్తుపడుతున్నది, లెక్కలు అడుగుతున్నది. ఇక్కడ స్పృహ సంగతి కూడా చెప్పుకోవాలి. సంస్కృతంలో స్పృహ అంటే కోరిక. తెలుగులోకి వచ్చి మెలకువ, ఎరుక అయింది. కోరిక ఉన్నంతవరకే ఎరుక ఉన్నట్టని ఈ మార్పు సూచిస్తున్నదేమో. ఆ లెక్కన అచేతనం అని మనం పేరు పెట్టినదానికి స్పృహ తక్కువేమీ కాదు, దానికి కోరికలే కోరికలు.

సంస్కృతం నుంచి వచ్చిన మరో మాట "ఆవేశం". లోపలికి చొరబడడం అని దాని అర్థం. తెలుగులో అది కోపానికీ ఉద్రేకానికీ దిగింది. చొరబడేది పరాయిది. పూనేది అలా కాదు, తొడుగులాగా ఒంటికి అతుక్కునేది. ఈ ఒక్క కారణానికే నేను ఆవేశం కన్నా పూనకాన్ని ఎంచుకుంటాను.

ఈ పూనకాన్ని తెలుగు నవలలో వెతుకుతూ తెనాలి వైపు చూస్తే రచయిత గోపీచంద్ గుర్తొస్తాడు. తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి తెనాలిలో హేతువాదానికి నిలువెత్తు గొంతు. కొడుకు 1940లలో "అసమర్థుని జీవయాత్ర" ఇచ్చాడు. తెలుగులో మనోవిశ్లేషణ నవల అనగానే మొదట వినిపించే పేరు అదే. అందులో కథానాయకుడు సీతారామారావు ప్రతిదానికీ కారణం వెతుకుతాడు, వాదిస్తాడు, తన ఓటమికి తర్కంతో గోడలు కడతాడు. యుంగ్ మాటల్లో చెప్తే ఆలోచన ఒక్కటే పదునెక్కిన మనిషి. మిగతా మనసంతా చీకట్లో పెరిగి పెరిగి చివరికి శ్మశానంలో అతని మీదికి విరుచుకుపడుతుంది. ఆ మిగతా మనసు అతని పూనికలో లేదు, అందుకే పూనకమై వచ్చింది. హేతువాది ఇంట పెరిగిన రచయిత హేతువు చాలని చోటును ఇంత నిర్దాక్షిణ్యంగా చూపడం ఆ నవలకున్న గొప్పతనం.

యుంగ్ పుస్తకం వచ్చాక అమెరికాలో ఇసబెల్ మయర్స్, ఆమె తల్లి కేథరిన్ బ్రిగ్స్ యుంగ్ సిద్ధాంతాన్ని పదహారు రకాల మనుషుల పట్టికగా మార్చారు. ఉద్యోగ శిక్షణల్లో ఇప్పటికీ అది నడుస్తున్నది. కొలతగా దాని విలువను పరిశోధకులు చాలామంది ఒప్పుకోరు, నాకూ పెద్ద గురి లేదు. అయితే ఆ దారిలోనే నయోమీ క్వెంక్ 1993లో రాసిన పుస్తకం ఒక మంచి సంగతి పట్టుకుంది. అలసటలో, ఒత్తిడిలో మనిషి తన ఎదగని వ్యాపారం పట్టులోకి జారిపోతాడని ఆమె వివరించింది. నెమ్మదస్తుడు గిన్నెలు విసురుతాడు, లెక్కల మనిషి ఊరికే ఏడుస్తాడు. తేరుకున్నాక "అది నేనేనా?" అంటాడు. మన ఇళ్ళలో ఇదే సందర్భానికి "వాడికేదో పూనింది, కాసేపు వదిలెయ్యండి" అంటారు.

ఒక్క చోట మాత్రం తెలుగు యుంగ్‌తో ఏకీభవించదు. విలువ కట్టడాన్ని ఆయన ఆలోచన పక్కన, బుద్ధికి లోబడిన వ్యాపారంగా కూర్చోబెట్టాడు. తెలుగులో "నేను మెచ్చాను" ఉంది, "నాకు నచ్చింది" కూడా ఉంది. మెచ్చడం మన చేతిలో ఉంది, నచ్చడం లేదు. స్ఫురణ దగ్గర తెలుగుకు ఏ సందేహమూ లేదు: "నాకు తోచింది", అంతే. నా మట్టుకు మెచ్చడాన్నీ నచ్చడాన్నీ విడదీసిన తెలుగే ఇక్కడ మెరుగు.

2023లో విడుదలైన "వాల్తేరు వీరయ్య" సినిమాలోని పాటతో పూనకాలు సినిమా హాళ్ళకు చేరాయి. ఇప్పుడు కుర్రాళ్ళు ఇష్టపడి, టికెట్టు కొని పూనకం తెచ్చుకుంటున్నారు. "తెచ్చుకుంటున్నారు" అన్నప్పుడు పోయిన "కొను" మళ్ళీ వచ్చి చేరింది, పూనకం పూనిక వైపు ఒక అడుగు వేసింది. మాట బతికే ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మనస్తత్వ శాస్త్రం తెలుగులో బోధించే అధ్యాపకులకూ, నిఘంటువులు కూర్చేవారికీ ఒక విన్నపం. "అచేతనం" రాసే ముందు ఒకసారి తీరంలోని పల్లెలకు వెళ్ళి, పూనకం వచ్చి తగ్గినవాళ్ళతో కూర్చోండి. వాళ్ళు చెప్పే వాక్యాలను విభక్తులతో సహా రాసుకోండి, నిఘంటువులో పూను అన్న పదం కింద ఆ వాక్యాలనే ఉదాహరణలుగా ఇవ్వండి.